మా ఆవిడకి వచ్చింది లైమ్ డిసీజేనా? టెస్ట్ నెగటివ్, నీరసం మాత్రం తగ్గడం లేదు (న్యూజెర్సీ)

గోదారబ్బాయి_ఎన్‌జే | ఆగస్టు 4, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో హంటర్‌డన్ కౌంటీలో ఉంటాం. ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే చెట్లు, పొదలు, జింకలు. ఏటా వేసవిలో మా ఆవిడ అక్కడ గోంగూర, బెండ, దొండపాదు వేస్తుంది.

జూన్ చివర్లో ఆవిడకి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చాయి. అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే కోవిడ్, ఫ్లూ చూసి రెండూ కాదన్నారు. నేనే అడిగి లైమ్ (టిక్ అనే గోమారి లాంటి పురుగు కుడితే వచ్చే జబ్బు) టెస్ట్ కూడా చేయించాను. అదీ నెగటివ్. వైరల్ ఫీవర్ అన్నారు. జ్వరం నాలుగైదు రోజుల్లో తగ్గింది కూడా.

అప్పట్నించి మనిషి మాత్రం తేరుకోలేదు. ఒకరోజు భుజం నొప్పి అంటుంది, అది తగ్గేసరికి మణికట్టు, ఆ తర్వాత మోకాలు. మధ్యాహ్నం అయ్యేసరికి మంచం ఎక్కేస్తోంది. ఫ్యామిలీ డాక్టర్ థైరాయిడ్, బి12, విటమిన్ డి చూశారు. డి తక్కువుందన్నారు (మనవాళ్ళలో ఎవరికి ఎక్కువుంటుంది లెండి). ఇంట్లో స్ట్రెస్ ఏమైనా ఉందా అని అడిగారు. హెచ్4 (నా వర్క్ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు, ఉండదా మరి.

అత్తగారేమో ఫోన్లో దిష్టి తీయమంటున్నారు. నెట్‌లో చూస్తే లైమ్ అయితే వలయాలు వలయాలుగా మచ్చ వస్తుందని ఉంది. ఈవిడకి అలాంటిదేమీ రాలేదు. టిక్ కూడా కనబడలేదు. టెస్ట్ లేదంటోంది, మచ్చ లేదు, పురుగు లేదు. ఇంకేం చూడాలి? ఎవరికైనా ఇలా అయిందా?

కాచిగూడ_కిరణ్ | ఆగస్టు 5, ఉదయం 6:50

అన్నా, టెస్ట్ నెగటివ్ అంటే ఆ సంగతి వదిలెయ్. కీళ్ళు మారి మారి నొప్పులంటే రుమటాయిడ్ కావచ్చు, ల్యూపస్ కావచ్చు. మా కజిన్‌కి ఇట్లనే మొదలైంది. ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బులవి. వాటికి చేసే ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష అడుగు. నెట్‌లో లైమ్ అని కొడితే ప్రతి నొప్పీ లైమే అంటది.

నర్సక్క_అలెన్‌టౌన్ | ఆగస్టు 5, ఉదయం 8:15

కిరణ్, ఏఎన్‌ఏ చేయించడంలో తప్పేం లేదు. కానీ "నెగటివ్ అంటే వదిలెయ్" అన్నమాట దగ్గరే మా పెన్సిల్వేనియాలో ప్రతి వేసవిలో కేసులు జారిపోతుంటాయి.

గోదారబ్బాయి గారూ, లైమ్ రక్తపరీక్ష సూక్ష్మజీవిని వెతకదు. దాని మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి లెక్కకు అందేంతగా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. జ్వరం వచ్చిన మొదటి వారంలో చేస్తే, జబ్బు ఉన్నవాళ్ళలోనే సగానికి పైగా నెగటివ్ వస్తుంది. కాబట్టి జూన్‌లో వచ్చిన నెగటివ్‌ని పట్టుకుని ఆగస్టులో "లేదు" అనడానికి లేదు. మళ్ళీ చేయించాలి.

మచ్చ గురించి. నూటికి 70, 80 మందికి వస్తుంది, అందరికీ రాదు. వచ్చినా వలయాలుగానే రావాలని లేదు. అసలు అమెరికాలో ఎక్కువమందికి అది ఒకే రంగులో, అంచులు పాకుతూ పోయే మచ్చే. పైగా పాఠ్యపుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్ల చర్మం మీదివి. మన చర్మం మీద ఎరుపు ఎక్కడ తెలుస్తుంది? కమిలినట్టు, కాస్త ఊదాగా ఉంటుంది. దురద ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు. పైగా మోకాలి వెనక, గజ్జల్లో, చంకలో, నడుము పట్టీ దగ్గర, తలవెంట్రుకల్లో వస్తే ఎవరు చూడొచ్చారు? కుట్టిన 3 నుంచి 30 రోజుల్లోపు ఎప్పుడైనా రావచ్చు. రోజురోజుకీ పెరగడం దాని అసలు గుర్తు.

మీరు కాదు, ఆవిడనే అడగండి. జూన్‌లో ఒంటి మీద ఎక్కడైనా "తగిలిందేమో" అనుకున్న మచ్చ ఉందా? ఇప్పుడు మెడ పట్టేయడం, ముఖం ఒకవైపు లాగడం, గుండె దడ, ఆయాసం, కళ్ళు తిరగడం, వీటిలో ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాసి కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వెట్_ఒంగోలు | ఆగస్టు 5, ఉదయం 9:40

ఒక్క విషయం. "పురుగు కనబడలేదు" అన్నారు. మన ఊళ్ళో గేదెల పొదుగుల దగ్గర పీకే గోమారిని ఊహించుకుని చూస్తే కనబడదు. ఇక్కడ మే నుంచి జులై దాకా కుట్టేది నల్లకాళ్ళ టిక్ పిల్లదశలో ఉన్నది, గసగసాల గింజంత ఉంటుంది. కుడుతూ చర్మాన్ని మొద్దుబారుస్తుంది కాబట్టి తెలియదు. రక్తం తాగి దానంతట అదే ఊడిపోతుంది. లైమ్ వచ్చినవాళ్ళలో చాలామంది టిక్‌ని చూడనే లేదంటారు.

ఇంకోటి, అందరూ జింకల్ని తిడతారు. పెద్ద టిక్‌లకి తిండి పెట్టి వాటి సంతతి పెంచేవి జింకలే, నిజమే. కానీ టిక్‌కి ఈ సూక్ష్మజీవిని అంటించేది ఎక్కువగా తెల్లకాళ్ళ ఎలుక. కట్టెల మోపు, రాళ్ళ గోడ, ఎండుటాకుల కుప్ప ఉన్న పెరడు వాటికి స్వర్గం. మీ పెరట్లో అవన్నీ ఉండే ఉంటాయి.

శ్రీలత_కనెక్టికట్ | ఆగస్టు 5, మధ్యాహ్నం 12:30

నేను ఈ జబ్బు పడి లేచినదాన్నే. లైమ్ అనే ఊరు మాకు దగ్గర్లోనే ఉంది, జబ్బుకి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. అదెలా బయటపడిందో తెలుసా? ఆ ఊళ్ళో పాలీ మర్రీ అనే ఇల్లాలు తనకీ, భర్తకీ, పిల్లలకీ వస్తున్న మచ్చలు, కీళ్ళవాపులు, జ్వరాలు అన్నీ రాసిపెట్టుకునేది. డాక్టర్లు ఆవిడ మాట తేలిగ్గా తీసుకున్నారు. 1975లో ఆవిడా, ఇంకో తల్లీ రాష్ట్ర ఆరోగ్యశాఖకి చెప్పడంతో యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టర్ వచ్చి కేసులు లెక్కపెట్టాడు. సూక్ష్మజీవి దొరికింది 1981లో, విల్లీ బర్గ్‌డార్ఫర్ చేతికి. దానికి ఆయన పేరే పెట్టారు.

ఇది కథ కోసం చెప్పడం లేదు. గోదారబ్బాయి గారూ, మీరు చేయగలిగిన పెద్ద సాయం గూగుల్ చేయడం కాదు. ఒక కాగితం తీసుకుని తేదీలవారీగా రాయండి. ఏ రోజు జ్వరం, ఏ రోజు ఏ కీలు, ఏ రోజు ఎంతసేపు పడుకుంది. "నీరసంగా ఉంది" అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు. "జూన్ దాకా ఫార్మర్స్ మార్కెట్‌కి నడిచి వెళ్ళేది, ఇప్పుడు మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళి ఆగుతోంది" అంటే తెలుస్తుంది.

పెరటిగోంగూర | ఆగస్టు 5, సాయంత్రం 6:10

నమస్తే అందరికీ. ఇప్పుడే అకౌంట్ తెరిచాను. పైన ఆయన రాసిన "మా ఆవిడ" నేనే.

ఆయన రాసింది చదివాను. మచ్చ రాలేదన్నారు. వచ్చింది. ఎడమ మోకాలి వెనక. మళ్ళకి పెట్టిన చెక్క అంచు తగిలి కమిలిందనుకున్నాను. మొదట రూపాయి బిళ్ళంత ఉండేది, పోను పోను నా అరచేతి వెడల్పు అయింది. నొప్పి లేదు, దురద లేదు. ఏవండీ, మీకు చూపించాను కూడా. మీరు ఆఫీసు కాల్‌లో ఉన్నారు, ఐస్ పెట్టు అన్నారు. మా అక్కకి వాట్సాప్‌లో ఫొటో పెడితే కొబ్బరినూనె రాయమంది. ఆ ఫొటో ఇప్పుడు వెతికాను, ఉంది. జూన్ 27.

డాక్టర్ దగ్గర నేను నోరు తెరిచేలోపే ఈయన చెప్పేస్తారు. నా ఇంగ్లీషు తడబడుతుందని ఆయన భయం. చెప్పేది బాగానే చెబుతారు, కానీ ఆయనకి తెలిసింది మాత్రమే చెబుతారు కదా.

నర్సక్క అడిగినవాటిలో రెండున్నాయి. వారం నుంచి మెట్లు ఎక్కితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. మొన్న లాండ్రీ బుట్ట పట్టుకుని మెట్ల మధ్యలోనే కూర్చుండిపోయాను. గుండె ఒక్కోసారి దడదడలాడుతుంది, ఒక్కోసారి ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఈయన టెన్షన్ పడతారని చెప్పలేదు.

ఇంటర్నిస్ట్_హార్ట్‌ఫర్డ్ | ఆగస్టు 5, సాయంత్రం 6:32

అమ్మా, ఇది చదివిన వెంటనే ఎమర్జెన్సీకి బయల్దేరండి. రేపు ఫ్యామిలీ డాక్టర్ అపాయింట్‌మెంట్ అని ఆగొద్దు. కారు మీరు నడపొద్దు. దారిలో స్పృహ తప్పినట్టు అనిపిస్తే ఆగి 911కి చేయండి.

లైమ్ కొద్దిమందిలో గుండెను పట్టుకుంటుంది, రిపోర్టయిన కేసుల్లో నూటికి ఒకటి. గుండె పైగదుల నుంచి కిందిగదులకి విద్యుత్ సంకేతం దిగే దారిలో వాపు వచ్చి సంకేతం ఆలస్యమవుతుంది, ముదిరితే ఆగిపోతుంది. ఆలస్యం దశ నుంచి పూర్తి అడ్డంకి దాకా గంటల్లో మారగలదు. కుట్టిన ఒకటి రెండు నెలలకి రావడం మామూలు. మీ లెక్క సరిగ్గా అక్కడే ఉంది.

లోపలికి వెళ్ళగానే చెప్పాల్సింది ఇంతే: "హంటర్‌డన్‌లో ఉంటాం, పెరట్లో పని చేస్తాను. జూన్ చివర్లో పెరుగుతూ పోయిన మచ్చ, జ్వరం. ఫొటో ఇదిగో. ఇప్పుడు మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. ఈసీజీ తీయండి." విటమిన్ డి గురించి, స్ట్రెస్ గురించి ముందు ఎత్తకండి. ఆ మాటలు వినబడగానే వరుసలో వెనక్కి పోతారు.

కాచిగూడ_కిరణ్ | ఆగస్టు 5, సాయంత్రం 6:45

అమ్మో. అన్నా పోనీయ్ జల్దీ. పిల్లల్ని చూడ్డానికి ఎవరన్నా కావాలంటే నేను ఎడిసన్‌లనే ఉంటా, మెసేజ్ పెట్టు.

గోదారబ్బాయి_ఎన్‌జే | ఆగస్టు 6, తెల్లవారుజాము 4:05

అడ్మిట్ చేసుకున్నారు. ఈసీజీలో పీఆర్ అనేది (సంకేతం పైగదుల నుంచి కిందిగదులకి చేరడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు దాటకూడదట, ఈవిడది 320 ఉంది. 300 దాటితే పడక మీద ఉంచి మానిటర్ పెట్టాల్సిందే అన్నారు. రక్తం తీశారు, రిజల్ట్ కోసం ఆగకుండా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ డ్రిప్ మొదలుపెట్టారు. ఫొటో చూపించగానే ఆ డాక్టరమ్మ ముఖం మారిపోయింది. తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి రికార్డులో పెట్టించింది.

ట్రయాజ్‌లో (ముందుగా ఎవరిని చూడాలో తేల్చే చోట) ఆవిడే చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను. కిరణ్, పిల్లలు నిద్రపోయారా?

కాచిగూడ_కిరణ్ | ఆగస్టు 6, ఉదయం 6:20

పండుకున్నరన్నా. చిన్నోడు లేచి అమ్మ ఏదని అడిగిండు, దోసె వేసిచ్చిన, తింటుండు. మీరు పరేషాన్ కాకండి.

నర్సక్క_అలెన్‌టౌన్ | ఆగస్టు 6, ఉదయం 7:30

హమ్మయ్య. గోదారబ్బాయి గారూ, రెండు చిన్న పనులు. ఆస్పత్రి పోర్టల్‌లో ఆవిడ రికార్డులు చూడ్డానికి మీకు అనుమతి (ప్రాక్సీ యాక్సెస్) ఇవ్వమని ఆవిడతోనే సంతకం పెట్టించండి, లేకపోతే రేపు ఫోన్ చేస్తే మీకు ఏమీ చెప్పరు. రెండోది, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఫోన్లోనో వీడియోలోనో ఇస్తారు, దానికి డబ్బు తీసుకోరు. మీరు బాగా ఇంగ్లీషు మాట్లాడతారన్నది వేరే సంగతి. భర్త అనువాదం చేస్తుంటే ఆడవాళ్ళు కొన్ని చెప్పరు.

ఇంటర్నిస్ట్_హార్ట్‌ఫర్డ్ | ఆగస్టు 6, ఉదయం 8:00

మంచి పని జరిగింది. భయపడకండి, మందు పడ్డాక చాలామందిలో ఇది కొద్దిరోజుల్లో వెనక్కి తగ్గుతుంది. అవసరమైతే గుండెని సరైన వేగంతో కొట్టించే పరికరం (పేసింగ్) తాత్కాలికంగా పెడతారు. శాశ్వత పేస్‌మేకర్ సాధారణంగా అక్కర్లేదు.

ఒకటి అడిగి చూడండి. ఇదే టిక్ ఒకే కాటుతో ఇంకో రెండు మూడు జబ్బులు కూడా తెస్తుంది. అనాప్లాస్మా అయితే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గి లివర్ ఎంజైములు పెరుగుతాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగుతుంది. బబీసియా అయితే ఎర్రకణాల్లో ఉంటుంది, డాక్సీకి లొంగదు, దాని మందులు వేరు. స్లైడ్ మీద చూస్తే బబీసియా మలేరియాలాగే ఉంటుంది. అందుకే "ఈ మధ్య ఇండియా వెళ్ళారా" అని అడుగుతారు, కంగారుపడకుండా ఉన్నది చెప్పండి.

గోదారబ్బాయి_ఎన్‌జే | ఆగస్టు 9, రాత్రి 9:15

ఇంటికొచ్చేశాం. బబీసియా, అనాప్లాస్మా రెండూ లేవు. పీఆర్ రోజూ తగ్గుతూ వచ్చింది, 210 దాకా దిగాక పంపించారు. లైమ్ టెస్ట్ ఈసారి పాజిటివ్, రెండు మెట్లలోనూ. మొత్తం 21 రోజుల మందు, మిగిలిన రోజులు డాక్సీసైక్లిన్ మాత్ర, 100 మిల్లీగ్రాములది, పూటకొకటి చొప్పున రెండు పూటలా.

రెండు మెట్లు అంటే ఏంటో ఎవరైనా చెబుతారా? కాగితం మీద బ్యాండ్లు, ఐజీఎం, ఐజీజీ అని ఏదేదో ఉంది.

ఇంటర్నిస్ట్_హార్ట్‌ఫర్డ్ | ఆగస్టు 9, రాత్రి 10:40

మొదటి మెట్టు స్క్రీనింగ్, ఈఐఏ అంటారు. అది పాజిటివో, అటూ ఇటూ కాకుండానో వస్తేనే రెండో మెట్టుకి వెళ్తారు. రెండోది పాత పద్ధతిలో వెస్ట్రన్ బ్లాట్, ఏయే యాంటీబాడీలున్నాయో గీతలుగా (బ్యాండ్లు) చూపిస్తుంది. ఐజీఎం ముందుగా వచ్చే యాంటీబాడీ, ఐజీజీ తర్వాత వచ్చేది. ఐజీఎంలో 3 బ్యాండ్లకి 2, ఐజీజీలో 10కి 5 కనబడాలి. 2019 నుంచి రెండో మెట్టులో కూడా వేరే ఈఐఏ వాడొచ్చని ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, చాలా ల్యాబులు అటు మారాయి.

ఇక్కడ రెండు చోట్ల జనం తప్పటడుగు వేస్తారు. నెల దాటిన జబ్బుకి ఐజీఎం ఒక్కటే పాజిటివ్ వస్తే దాన్ని నమ్మకూడదు, ఎక్కువసార్లు అది ఉత్తుత్తిదే. అప్పటికి ఐజీజీ వచ్చి ఉండాలి. రెండోది, తగ్గిందో లేదో చూద్దామని మందు అయ్యాక మళ్ళీ టెస్ట్ చేయించడం. యాంటీబాడీలు నెలలు, ఏళ్ళు ఉండిపోతాయి. పాజిటివ్ వస్తుంది, ఇల్లంతా ఏడుస్తారు, అనవసరం. మనిషి ఎలా ఉంది అన్నదే చూడాలి.

ఇంకో మాట అందరికీ. జూన్‌లో ఆ మచ్చని ఎవరైనా డాక్టర్ చూసుంటే అసలు టెస్టే అక్కర్లేదు. ఈ కౌంటీల్లో అలా పెరిగే మచ్చ కనిపిస్తే చూపుతోనే మందు మొదలుపెట్టాలి. అప్పుడైతే పది రోజుల డాక్సీతో అయిపోయేది.

గుంటూరు_పిన్ని | ఆగస్టు 10, ఉదయం 7:05

నేను మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఆరు నెలలుంటున్నా. అమ్మాయ్ పెరటిగోంగూరా, యాంటీబయాటిక్ వేడి చేస్తుంది. మాత్ర వేసుకుని గ్లాసుడు చల్లటి మజ్జిగ తాగు. రాత్రి మాత్ర పాలతో వేసుకో. మిరియాల కషాయం కాచుకో.

నర్సక్క_అలెన్‌టౌన్ | ఆగస్టు 10, ఉదయం 7:50

పిన్నిగారూ, మీ ప్రేమకి దండం. కానీ ఈ మాత్రకి పాలు, పెరుగు, మజ్జిగ పడవు. కాల్షియం దాన్ని పట్టేసి ఒంటికి పట్టనివ్వదు. మాత్రకి అటూ ఇటూ రెండేసి గంటలు ఎడం ఉంచాలి. పెరుగన్నం మానేయక్కర్లేదు, వేళ మార్చుకుంటే చాలు. ఐరన్ మాత్రలు, కాల్షియం, యాంటాసిడ్లకీ ఇదే వర్తిస్తుంది. విటమిన్ డి అని ఇచ్చినదాంట్లో కాల్షియం కలిసి ఉంటుంది చాలాసార్లు, సీసా మీద చూడండి.

మాత్రని పెద్ద గ్లాసు నీళ్ళతో, ఇడ్లీయో అన్నమో తిని వేసుకోవాలి. వేసుకోగానే పడుకోకూడదు, గొంతులో ఇరుక్కుంటే ఆహారనాళం పుండు పడుతుంది. ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది, కాబట్టి పెరట్లోకి పొద్దు వాలాకే. కషాయం తాగండి, దానికేం అడ్డు లేదు.

పెరటిగోంగూర | ఆగస్టు 10, ఉదయం 9:00

పిన్నిగారూ, నర్సక్కా, ఇద్దరి మాటా వింటాను. మజ్జిగ మధ్యాహ్నానికి మార్చాను :)

పేరోల్_ప్రసాద్ | ఆగస్టు 10, ఉదయం 11:25

గోదారబ్బాయ్, పీటీఓ (జీతంతో వచ్చే సెలవు) అంతా ఖర్చు పెట్టకు. కంపెనీలో కనీసం 50 మంది ఉండి, నువ్వు ఏడాదిగా చేస్తుంటే (ఏడాదిలో 1,250 గంటలు) ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే ఫెడరల్ సెలవు చట్టం కింద భార్య జబ్బుకి 12 వారాల సెలవు హక్కు. జీతం రాదు, ఉద్యోగం, ఇన్సూరెన్స్ నిలుస్తాయి. ఒకేసారి తీసుకోనక్కర్లేదు, అపాయింట్‌మెంట్ ఉన్నరోజు కూడా వాడుకోవచ్చు. న్యూజెర్సీలో దీనికితోడు ఫ్యామిలీ లీవ్ ఇన్సూరెన్స్ ఉంది, నీ పే స్లిప్‌లో దాని కోత చూడు. దాని కింద కొంత డబ్బు కూడా వస్తుంది. హెచ్1 (వర్క్ వీసా) వాళ్ళం మనకెక్కడిదిలే అనుకుంటారు చాలామంది. డబ్బు కట్టేది మనమే.

వెల్‌నెస్_వర్ధన్ | ఆగస్టు 23, రాత్రి 8:10

21 రోజులతో లైమ్ పోదు. అది కణాల్లో దాక్కుంటుంది. మాకు తెలిసిన క్లినిక్‌లో ఆరు నెలల ఐవీ (నరంలోకి ఎక్కించే) యాంటీబయాటిక్, వాళ్ళ సొంత ల్యాబ్‌లో టెస్ట్, సప్లిమెంట్లు ఇస్తారు. ఇన్సూరెన్స్ తీసుకోరు, కానీ మనిషి ముఖ్యమా డబ్బు ముఖ్యమా? వివరాలకి ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

గోదారబ్బాయి_ఎన్‌జే | ఆగస్టు 23, రాత్రి 10:55

నిజం చెప్పాలంటే నాకూ ఆశగానే ఉంది. మందు ఇంకో రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. గుండె బాగుంది, ఈసీజీ నార్మల్. కానీ నీరసం అలాగే ఉంది. మధ్యాహ్నం పడుకోకుండా ఉండలేకపోతోంది. లోపల ఇంకా ఉందేమో అన్న అనుమానం నిద్ర పట్టనివ్వడం లేదు.

శ్రీలత_కనెక్టికట్ | ఆగస్టు 24, ఉదయం 10:20

వర్ధన్ గారి మెసేజ్‌కి నేనే జవాబు చెప్పాలి, ఎందుకంటే నేను ఆ దారి చివరి దాకా వెళ్ళొచ్చాను.

నాకు మందు పూర్తయ్యాక కూడా ఏడాదికి పైగా నీరసం, ఒళ్ళునొప్పులు, మాట మధ్యలో పదం దొరక్కపోవడం ఉన్నాయి. మందు వాడినవాళ్ళలో నూటికి 5 నుంచి 10 మందికి ఇలా ఉంటుంది, దానికి పేరు కూడా ఉంది. అది ఊహ కాదు. నన్ను చూసి "నీకేం లేదు, లేచి తిరుగు" అన్నవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

కానీ నీరసం నిజం అవడం ఒకటి, సూక్ష్మజీవి ఇంకా ఉండడం వేరొకటి. ఇలాంటివాళ్ళకే నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి, కొంతమందికి మందు లేని ఉత్త డోసు ఇచ్చి పోల్చి చూశారు. అమెరికాలో చేసినది 2001లో, నెదర్లాండ్స్‌ది 2016లో వచ్చింది. తేడా రాలేదు. నాకు వచ్చింది మాత్రం మందు ఎక్కించడానికి చేతిలో పెట్టిన లైన్‌కి ఇన్‌ఫెక్షన్. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ బిల్లు. "సొంత ల్యాబ్ టెస్ట్" అన్న మాట వినగానే లేచి రావాలి. ఎవరు వెళ్ళినా పాజిటివే వస్తుంది అక్కడ.

గోదారబ్బాయి గారూ, నాకు పనికొచ్చినవి చెబుతాను. ఒంట్లో బాగున్నరోజున అన్ని పనులూ మీద వేసుకుంటే తర్వాత రెండు రోజులు మంచమే, కాబట్టి బాగున్నరోజున కూడా సగం పనే. ఫిజియోథెరపీ మెల్లగా పెంచారు. నిద్ర సరిచేశారు. ఇంకా తగ్గకపోతే థైరాయిడ్, రక్తహీనత, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), డిప్రెషన్ ఇవన్నీ మళ్ళీ చూడాలి, లైమ్ వచ్చినవాళ్ళకి ఇంకో జబ్బు రాదని రాసిపెట్టలేదు. మా ఆయన చేసినవాటిలో నాకు బాగా గుర్తున్నది, ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్లన్నీ ఆయనే మాట్లాడారు, పావుగంట హోల్డ్ మ్యూజిక్ వింటూ అంట్లు తోమేవారు. గంటగంటకీ "ఇప్పుడెలా ఉంది" అని అడగడం మానేశారు. అడిగినప్పుడల్లా బాగుందని చెప్పి ఆయన్ని ఓదార్చడం ఇంకో పని అయ్యేది నాకు. మా అత్తగారు "ఇంకా పడకేనా" అంటే ఆయనే జవాబు చెప్పేవారు, నా దాకా రానిచ్చేవారు కాదు.

ఇంటర్నిస్ట్_హార్ట్‌ఫర్డ్ | ఆగస్టు 24, మధ్యాహ్నం 1:00

శ్రీలత గారు చెప్పినదానికి నేను కలిపేది ఒక్కటే. మందు ఇంకా పూర్తి కాలేదు, ఇప్పుడే "తగ్గలేదు" అనే లెక్క వేయకండి. గుండె దాకా వెళ్ళిన జబ్బు. కోలుకోవడానికి నెలలు పట్టడం మామూలే, ఎక్కువమంది కోలుకుంటారు. కొత్త లక్షణం ఏదైనా వస్తే మాత్రం, ముఖం వంకరైనా, మోకాలు బాగా వాచినా, మళ్ళీ కళ్ళు తిరిగినా, ఆగకుండా చూపించండి.

అడ్మిన్ | ఆగస్టు 24, మధ్యాహ్నం 2:15

క్లినిక్ ప్రచారాలు వద్దు. వర్ధన్ గారి ప్రైవేట్ మెసేజ్‌లు ఆపేశాం.

పాడేరు_లక్ష్మి | సెప్టెంబర్ 2, ఉదయం 5:45

ఈ చర్చ అంతా చదివాను. మేం అల్లూరి జిల్లాలో ఉంటాం. మా నాన్నకి వారం నుంచి జ్వరం, తలనొప్పి. అమ్మ స్నానం చేయిస్తుంటే చంక కింద నల్లటి పుండు కనబడింది, చుట్టకాల్చినట్టు. నొప్పి లేదంటున్నాడు. మలేరియా, డెంగీ లేవన్నారు. ఇది లైమేనా?

వెట్_ఒంగోలు | సెప్టెంబర్ 2, ఉదయం 6:30

లక్ష్మిగారూ, లైమ్ అనుకోనక్కర్లేదు, ఆ టిక్ మన వైపు సంగతి కాదు. మీరు చెప్పిన గుర్తు స్క్రబ్ టైఫస్‌ది. పొదల్లో, గడ్డిలో ఉండే మైట్ అనే చిన్న పురుగు పిల్లలు కుడితే వస్తుంది, కుట్టినచోట అలాంటి నల్లటి పక్కు కడుతుంది. డాక్టర్ చొక్కా విప్పి చూడకపోతే తెలియదు. ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఆ పుండుని మీరే చూపించండి. డాక్టర్ గారు చెప్పండి, నేను పశువులవాణ్ణి.

ఇంటర్నిస్ట్_హార్ట్‌ఫర్డ్ | సెప్టెంబర్ 2, ఉదయం 7:10

నూటికి నూరుపాళ్ళు ఒంగోలు వారి మాటే. అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు, రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆయాసం గానీ, మత్తుగా ఉండడం గానీ ఉంటే పెద్దాస్పత్రికే.

పెరటిగోంగూర | సెప్టెంబర్ 14, సాయంత్రం 5:30

కార్డియాలజీ ఫాలో అప్ అయింది. ఈసీజీ, గుండె రెండూ బాగున్నాయన్నారు. ఇంటర్‌ప్రెటర్‌ని అడిగి పెట్టించుకున్నాను, తెరమీద ఒక విజయవాడ ఆవిడ వచ్చారు. నెలసరి ఎక్కువవుతోందన్న సంగతి మొదటిసారి చెప్పాను. రక్తం చూశారు, ఐరన్ బాగా తక్కువుంది. నీరసంలో దాని వాటా కూడా ఉందన్నారు. ఆయన తేదీల కాగితం పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు, అడిగినప్పుడు అందించారు.

మెట్లు ఎక్కుతున్నాను. మధ్యాహ్నం నిద్ర ఇంకా ఉంది. పెరట్లోకి లేతరంగు ప్యాంటు, పాదాల దగ్గర సాక్సులోకి దోపుకుని వెళ్తున్నాను. రాగానే బట్టలు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పేస్తున్నాం, స్నానం, తర్వాత ఒళ్ళంతా చూసుకోవడం. మోకాలి వెనక ఆయన చూస్తారు.

కొత్తకాపురం_ప్రిన్స్‌టన్ | సెప్టెంబర్ 14, రాత్రి 8:20

అక్కా, ఇప్పుడే మా ఆయన నడుము మీద టిక్ కనబడింది. నిన్న సాయంత్రం ట్రెయిల్‌కి వెళ్ళాం. చర్మానికి అతుక్కుని ఉంది. వ్యాజిలీన్ రాయమంటున్నాడు. ఏం చేయాలి?

నర్సక్క_అలెన్‌టౌన్ | సెప్టెంబర్ 14, రాత్రి 8:24

వ్యాజిలీన్ వద్దు, అగ్గిపుల్ల వద్దు. సన్నమొన ఉన్న ట్వీజర్స్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగు. తల ముక్క ఉండిపోతే తేలిగ్గా రాకుంటే వదిలెయ్. సబ్బుతో కడుగు. పురుగుని టేప్‌కి అంటించి జిప్‌లాక్‌లో పెట్టి తేదీ రాయి. నిన్న సాయంత్రం పట్టిందంటే 36 గంటలు కాలేదు, ముప్పు తక్కువే. అది ఉబ్బి ఉంటే మాత్రం, ఎప్పుడు పట్టిందో మీకు తెలియనట్టే లెక్క. అప్పుడు రేపు ఉదయం డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, తీసిన 72 గంటల్లోపు ఒక్క డోసు డాక్సీ 200 మిల్లీగ్రాములు ఇస్తారు. ఇవ్వకపోయినా నెలరోజులు ఆ చోటు చూస్తూ ఉండండి. ఉబ్బిందా, చదునుగా ఉందా?

కొత్తకాపురం_ప్రిన్స్‌టన్ | సెప్టెంబర్ 14, రాత్రి 8:41

వచ్చేసింది అక్కా, కాళ్ళు కదులుతున్నాయి. చదునుగానే ఉంది. ఫొటో పెడుతున్నా.